మూడు వేళ్ళ చప్పుడు

“పాపకి చెవులు వినపడటం లేదేమో అనిపిస్తోందండీ.”

ఈ మాట నేను మొదట అన్నది డాక్టరుతో కాదు, మా ఆవిడతోనూ కాదు. మా వీధి మొదట్లో రోడ్డు మీద మోకాళ్ళూని, నాలుగడుగుల ఇనుప కడ్డీని వాల్వు గుంటలోకి దించి, దాని పై కొసకు చెవి ఆనించి కూర్చున్న ఒకావిడతో. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు. ఎనిమిది నెలల పాపను భుజాన వేసుకుని నిద్రపుచ్చడానికి వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. ఇళ్ళన్నీ తలుపులు దగ్గరికి వేసుకుని కునుకు తీస్తున్నాయి. వినడమే పనిగా కూర్చున్న మనిషి కనపడేసరికి, పది రోజులుగా లోపల దాచుకున్న మాట దానంతటదే బయటికొచ్చేసింది.

ఆమె తలెత్తలేదు. కుడిచెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు వేళ్ళు ఆడించింది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

“నువ్వు చెప్పులు ఈడుస్తూ నడుస్తావు బాబూ. కింద పైపులో ఏనుగు తిరుగుతున్నట్టుంది. ఓ పక్కన నిలబడు. నీ పాప సంగతి తర్వాత చూద్దాం. ముందు దీని సంగతి తేలనీ.”

నిలబడ్డాను. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. చెవిని కొయ్య పిడికి ఆనించింది, తర్వాత కొంచెం ఎత్తి మధ్యలో ఒక వేలు పెట్టింది, తర్వాత రెండు, తర్వాత మూడు. అప్పుడు లేచి చీపురుతో దులిపినట్టు మోకాళ్ళు దులుపుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వీధంతా వినపడేలా అరిచింది.

“లీకుంది! మీ వీధి కిందే ఉంది! పెద్దదే!”

తలుపులు తెరుచుకున్నాయి. మూడో ఇంటి దర్జీ బాబాయి మెడలో టేపుతోనే గుమ్మంలోకి వచ్చాడు. “ఎంత పెద్దది చెల్లెమ్మా?”

“నువ్వు పళ్ళు తోముకుంటూ వదిలేసే నీళ్ళంత అన్నయ్యా.”

“నేను పళ్ళు తోముకునేది నీకెలా తెలుసు?”

“పొద్దున్నే ఆరుంబావుకి మొదలుపెడతావు. తోమేది రెండు నిమిషాలు, నీళ్ళు పారేది పదిహేను. నీకు మిగిలిన పళ్ళెన్నో అని కింద కూర్చుని లెక్కేసుకుంటుంటాను.”

వీధి నవ్వింది. పాప నా భుజం మీద కదలకుండా పడుకునే ఉంది. అంత అరుపుకీ ఉలిక్కిపడలేదు.

ఆమెను అందరూ కడ్డీ పిన్ని అంటారు. నీళ్ళ ఆఫీసులో ఆమె ఉద్యోగం వినడం. నాలుగడుగుల లోతున పైపు ఎక్కడ చిల్లుపడి కారుతోందో పైనుంచి విని, ఆ చోట సుద్దతో సున్నా చుట్టాలి. అక్కడ తవ్వుతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె చుట్టిన సున్నా ఒక్కటీ వట్టిపోలేదని ఆఫీసులో చెప్పుకుంటారు. చెవులకు తగిలించుకుని వినే యంత్రాలు రెండు కొన్నారు. ఒకటి పాడైపోయింది. రెండోది కూడా పాడవుతుందేమోనని బీరువాలో పెట్టి తాళం వేశారు. కాబట్టి ఇప్పటికీ పిన్నే.

పదిహేడేళ్ళప్పుడు ఆమె నూలు మిల్లులో చేరిందట. నెల తిరిగేసరికి ఇంట్లో అమ్మ పిలిస్తే రెండో పిలుపుకు గాని వినపడలేదు. “వాళ్ళు జీతం ఇస్తామన్నారు గానీ చెవులు పట్టుకుపోతామని చెప్పలేదు,” అని మర్నాటి నుంచి మానేసింది. తర్వాత నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూసి రాసుకునే పని దొరికింది. ఒకరోజు తాళం వేసి ఉన్న ఇంటి మీటరు దగ్గర నిలబడి, “ఇంట్లో ఎవరూ లేరు, నీళ్ళు మాత్రం పోతున్నాయి, చుయ్‌మంటోంది,” అందట. పక్కనున్న ముసలి ఫిట్టరు తన చేతిలో కడ్డీ ఆమె చేతిలో పెట్టాడు. ఆ కడ్డీయే ఇది. పై కొసకు చిన్న గిన్నెలా చెక్కిన కొయ్య పిడి ఉంటుంది. ఇద్దరి చెవుల రాపిడికి అది నల్లబడి నున్నగా మెరుస్తుంటుంది.

పిన్నికి ఎడమ చెవి ఆఫీసుది, కుడి చెవి ఇంటిది. భర్త జీవితమంతా లారీ నడిపాడు. గొంతు హారనుతో పోటీ. “ఆయన పక్కన కూర్చోవాలంటే కుడి చెవే అటు పెడతాను. పోతే ఆ చెవే పోవాలి,” అంటుంది. ఫోను కూడా కుడి చెవికే. చలికాలంలో ఎడమ చెవిలో దూది పెట్టుకుని తిరుగుతుంది, వయొలిన్ వాయించేవాళ్ళు వేళ్ళను చూసుకున్నట్టు.

“ఆ ముసలి ఫిట్టరు నాకు నేర్పింది ఒక్కటే,” అని చెప్పింది తర్వాతెప్పుడో. “మనుషులు వాడే నీళ్ళు ఆగి ఆగి మోగుతాయి. కుళాయి తిప్పుతారు, కడతారు. గిన్నె కడుగుతారు, పక్కింటావిడతో మాట్లాడతారు, మళ్ళీ కడుగుతారు. ఎవరికైనా అలుపు రావాలి గదా. లీకుకి అలుపు లేదు. ఆగని చప్పుడు వినపడితే తవ్వు అన్నాడు. అంతే. తిట్లు మాత్రం చాలా నేర్పాడు.”

చప్పుడు ఎంత పెద్దదో ఆమె వేళ్ళతో కొలుస్తుంది. చెవికీ పిడికీ మధ్య ఒక్క వేలు పెడితే పోయే చప్పుడు చిన్న లీకు. రెండు వేళ్ళ ఎడంలోనూ వినపడితే వెంటనే చూడాలి. మా వీధిది మూడు వేళ్ళ చప్పుడు.

మాది ఆ లైనులో చిట్టచివరి వీధి. పదకొండిళ్ళు. నేల కొంచెం ఎత్తు, అందుకని నీళ్ళు అందరి తర్వాత మాకు ఎక్కుతాయి. ఎండలు ముదిరినప్పటి నుంచీ మేడ మీద కుళాయిలు ముందు దగ్గాయి, తర్వాత మూగబోయాయి. కింద కుళాయిలో నీళ్ళు దారప్పోగులా వస్తున్నాయి. వీధి చివర ఒక పెద్ద గోడ. గోడ అవతల ఒకప్పుడు గోదాము ఉండేది. దాన్ని కొట్టేసి రెండేళ్ళ క్రితం బూడిదరంగు మేడ కట్టారు. దానికి కిటికీల్లేవు. లోపల మనుషులు కూడా పట్టుమని పదిమంది ఉండరు. వరసలు వరసలుగా యంత్రాలు. ఎక్కడెక్కడి వాళ్ళ ఫొటోలూ ఉత్తరాలూ లెక్కలూ పాటలూ అన్నీ వాటిల్లో ఉంటాయట. ఆ యంత్రాలు పగలూ రాత్రీ కాగుతుంటాయి. వాటిని చల్లార్చడానికి డాబా మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు, వాటి కింద ధారలుగా పడే నీళ్ళు. ఆ నీళ్ళు వేడిని మోసుకుని ఆవిరై పోతాయి. పొద్దున్నే చూస్తే డాబా మీంచి తెల్లగా, సోమరిగా ఒక మబ్బు లేస్తుంటుంది. పాపను చంకనెత్తుకుని దాన్ని చూస్తూ నిలబడేవాణ్ణి. బడిలో సైన్సు చెప్తాను కాబట్టి ఆవిరి ఎలా పుడుతుందో నాకు తెలుసు. తెలిసినదాన్ని మా వంటింటి కుళాయితో కలిపి ఆలోచించడమే నాకు రాలేదు.

ఆ మేడ నుంచి ఒక మోత వస్తుంది. పెద్దది కాదు. ఒకే శ్రుతిలో, తుమ్మెద ఒకటి గదిలో చిక్కుకుని ఎంతకీ అలిసిపోనట్టు. పాప పుట్టిన రోజు నుంచీ ఆ మోతలోనే నిద్రపోతోంది, అందులోనే మేలుకుంటోంది. నేను వెనకనుంచి చప్పట్లు కొడితే తిరిగి చూడటం లేదు. అదీ నా భయం.

పిన్ని సున్నా చుట్టిన చోట తవ్వారు. మట్టి పొడిగా ఉంది. ఇంకో పది గజాల అవతల చుట్టింది. అక్కడా పొడే. మూడోసారి దర్జీ బాబాయి గుమ్మం ముందే తవ్వారు. పైపు కనపడింది, ఎక్కడా చెమ్మ లేకుండా, తుప్పు రంగులో, నిద్రపోతున్న పామంత ప్రశాంతంగా.

“కొండను తవ్వినవాళ్ళకి ఎలుకన్నా దొరికింది చెల్లెమ్మా,” అన్నాడు దర్జీ బాబాయి గోతి అంచున గొంతుక్కూర్చుని. “నువ్వు బొద్దింకనైనా చూపించలేదు.”

“ఉంది అన్నయ్యా. చప్పుడుంది. కింద ఇసుక పొర ఉండి ఉంటుంది, నీళ్ళు పైకి రాకుండా తాగేస్తోంది.”

“ఇసుక తాగుతోందో, నీ కడ్డీకి తుప్పు పట్టిందో.”

ఆమె కడ్డీని మళ్ళీ కిందికి దించింది. నన్ను పిలిచి, “నువ్వు విను బాబూ. నీ చెవులు చిన్నవి,” అంది. పాపను ఆమె చేతికిచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిడి చెవికి చల్లగా తగిలింది. ముందు నా నెత్తురు చప్పుడే వినపడింది. తర్వాత నెమ్మదిగా కింద ఇంకో ఊరు తెరుచుకుంది. ఎక్కడో ఎవరో కొత్త గుడ్డ చింపుతున్నట్టు ఒక కుళాయి. ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక వాల్వు. మరీ దూరంలో పంపు ఊపిరి, పెద్ద జంతువేదో పక్కకు తిరిగి పడుకున్నట్టు. వీటన్నిటి వెనక, వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే చుయ్‌మనే చప్పుడు. పెనం మీద అయితే అది ఆగిపోతుంది. ఇది ఆగలేదు. ఎంతసేపు విన్నానో తెలియదు. లేచేసరికి పాప పిన్ని మెడలో ముఖం దాచుకుని నిద్రపోతోంది, నేనే ఇంకో నిద్రలోంచి లేచినట్టున్నాను.

ఆ సాయంత్రం ఆఫీసువాళ్ళు వచ్చి మా వీధి వాల్వు కట్టేశారు. పెద్ద లీకుందని పిన్ని రాసిచ్చిన కాగితమే ఆధారం. లీకు దొరికి, బాగయ్యేదాకా తెరవరు. అందాకా రోజు విడిచి రోజు ట్యాంకరు.

ట్యాంకరు వచ్చిన రోజు వీధంతా బిందెల బారు. రాని రోజు ఒకరి ముఖాలొకరు చూసుకోవడం. పాపకు రెండు చెంబుల స్నానం. “ఈ నీళ్ళలో తడిసిందని కూడా అనలేం, పలకరించి వదిలేశాం అనాలి,” అంది మా ఆవిడ. ఆమె పొద్దున్న పాపను చూసుకుని, నేను ఒంటిపూట బడినుంచి వచ్చాక రక్తపరీక్షల ల్యాబులో పనికి వెళ్తుంది. పొద్దుపోయాక అలిసిపోయి వచ్చి, ముఖం కడుక్కోవాలా, పాప గుడ్డలు ఉతకాలా అని బకెట్టు వైపు చూస్తూ నిలబడేది.

వాల్వు కట్టేసిన మర్నాడు రెండు గంటలకు పిన్ని వచ్చింది. కట్టాక ఒకసారి వినడం ఆమె పద్ధతి. కట్టేసిన వీధిలో నీళ్ళ మీద ఒత్తిడి ఉండదు, లీకు కూడా నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని విని సంతకం పెట్టాలి. వంగి, పిడికి చెవి ఆనించింది. ఒక వేలు. రెండు. మూడు. చాలాసేపు లేవలేదు.

“ఏంటి పిన్నీ?”

“ఆగలేదు.” ఆమె నేల మీద చతికిలబడింది. “మీ వీధి కట్టేసినా ఆ చప్పుడు ఆగలేదు. అంటే అది మీ వీధిది కాదు. అసలెప్పుడూ కాదు.” కాసేపు కడ్డీని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. “పదకొండిళ్ళ కుళాయిలు నా మాట మీద కట్టేశారు బాబూ.”

ఆఫీసుకు వెళ్ళి చిన్న ఇంజనీరుకు చెప్పింది. అతను చెడ్డవాడేం కాదు, నాలుగు మండలాల నీళ్ళు నెత్తిన మోస్తూ మూడు పూటలూ తిట్లు తినే మనిషి. “ఆగని చప్పుడంటే లీకేనని మీరే గదా నాకు నేర్పింది పిన్నిగారూ? చప్పుడు ఇంకా ఉందంటున్నారు. మరి అదేంటో తేల్చి రాసివ్వండి. ఏమీ తేలకుండా ఎలా తెరవమంటారు?” అన్నాడట.

నేను నా గళ్ళ పుస్తకం ఒకటి తీశాను. అడ్డం వేళలు, నిలువు వేళ్ళు. పొద్దున్న ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. వాల్వు గుంట దగ్గర రోజూ అవే వేళలకు విని, ఎన్ని వేళ్ళో చుక్క పెట్టాలి. పిన్ని నవ్వింది. “ముప్ఫై ఏళ్ళుగా విన్నాను. రాసుకోవడం ఎప్పుడూ లేదు. చెవికి లెక్కలు నేర్పుతున్నావు.”

అలా ఎనిమిది రోజులు. మధ్యాహ్నం విన్నాక మా వరండాలో కూర్చునేది. మంచినీళ్ళిస్తే తాగేది కాదు. “మీ ట్యాంకరు నీళ్ళు నా గొంతులో దిగవు,” అనేది. నాలుగో రోజున పాప సంగతి తనే అడిగింది. చాప మీద పాప గోడవైపు తిరిగి కూర్చుని ఒక గరిటెతో యుద్ధం చేస్తోంది. నేను వెనకనుంచి చప్పట్లు కొట్టి చూపించాను. పాప తిరగలేదు.

“రోజుకి ఎన్నిసార్లు కొడతావు?”

“ఎంతలేదన్నా... ఓ ముప్ఫై సార్లు.”

“ఎన్ని రోజుల నుంచి?”

“ఇప్పటికి ఇరవై రోజులు దాటింది.”

“మరి విసుగు రాదూ దానికి!” అంది పిన్ని. పాపకు వెనకగా, కడ్డీ కొయ్య పిడిని గోటితో మెల్లగా గీకింది. ఎలుక పిల్ల కదిలినంత చప్పుడు. పాప గరిటె వదిలేసి, తలా భుజాలూ అన్నీ తిప్పి చూసింది. “వినపడుతోంది. వినీ వినీ నిన్ను వదిలేసింది, అంతే. రోజంతా ఉండేదాన్ని చెవి పక్కన పడేస్తుంది.” నేను ఆ వారమే డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. ఆయన పెట్టెలూ తీగలూ పెట్టి గంటసేపు చూసి అదే చెప్పాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ, “అయితే ఇప్పుడు మీ చెవులు చూపిద్దామా? బియ్యం అయిపోయాయని రెండు రోజులుగా చెప్తున్నాను,” అంది.

ఆరో రోజు మబ్బు పట్టింది. పదింటికల్లా వాన, చల్లటి గాలి. రెండు గంటలకు పిన్ని గొడుగు కింద వంగి విని, లేచి, నన్ను వింతగా చూసింది.

“అర వేలు.”

“ఎంత?”

“అర వేలు కూడా లేదు. నిన్న ఇదే వేళకి మూడు. వాన పడితే తగ్గే లీకును నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.”

లోపలికి వచ్చి తల తుడుచుకుంటూ ఆగిపోయింది. వరండా తీగ మీద పాప గుడ్డలు పొద్దుట్నుంచీ తడితోనే వేలాడుతున్నాయి. వాటిని చేత్తో పట్టి చూసింది. “ఇవి నిన్న ఎంతసేపట్లో ఆరాయి?”

“గంటలో. ఇవాళ ఆరేలా లేవు.”

“పుస్తకం తియ్యి.”

చూశాం. ఎండ మండిన రోజుల్లో, గుడ్డలు గంటలో పెళపెళలాడిన రోజుల్లో, మధ్యాహ్నం చుక్క మూడు వేళ్ళ దగ్గరికి ఎక్కింది. పొద్దున ఆరింటికి ఎప్పుడూ ఒక వేలే. లీకైతే వాన పడ్డ మధ్యాహ్నం కూడా అంతే మోగాలి. అందరూ కుళాయిలు కట్టేసిన వేళ పైపులో ఒత్తిడి ఎక్కువై అది గట్టిగా కారాలి, వాడుకున్న వేళ తగ్గాలి. ఎండతో దానికి పనిలేదు.

“ఇది ఆరిపోతోంది పిన్నీ,” అన్నాను. నా గొంతు నాకే దూరంగా వినపడింది. “ఈ గుడ్డల్లాగే. ఎక్కడో నీళ్ళు గాలిలో ఆరిపోతున్నాయి.”

ఇద్దరం ఒకేసారి వీధి చివరకు చూశాం. వానలో బూడిదరంగు మేడ, డాబా మీద ఫ్యాన్లు తీరిగ్గా తిరుగుతున్నాయి. మోత కూడా బాగా సన్నగిల్లింది.

“ఆగకుండా తాగేది లీకొక్కటే అనుకున్నాను,” అంది పిన్ని. “అలుపు లేకుండా తాగేవాళ్ళు ఇంకొకళ్ళు వచ్చారని ముసలాయనకి ఎలా తెలుస్తుంది, పాపం.”

వాన వెలిశాక, మళ్ళీ ఎండ కాసిన రోజు, మా వీధికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు వెంట కడ్డీతో అడుగడుగునా వింటూ నడిచింది. నేను పాపను ఎత్తుకుని వెనక. వీధి మొదటి నుంచి గోడ చుట్టూ తిరిగి మేడ వెనక గేటు దాకా. అక్కడ కొత్తగా పరిచిన రాళ్ళ మీద కడ్డీ పెట్టగానే చెవి తీసేసింది. “నాలుగు వేళ్ళు. ఇక్కడో వాల్వుంది, రాళ్ళ కింద. సగమే తెరిచినట్టున్నారు. సగం తెరిచిన వాల్వు కూడా లీకులాగే బుసకొడుతుంది.” ఆఫీసు పటంలో ఆ చోట సన్నటి గీత, పక్కన పాత సిరాతో ‘గోదాము - మూసివేశారు’ అని ఉంది. ఆ గోదాము పేరు మీదే మేడవాళ్ళు పెద్ద పైపు వేసుకున్నారు. పటం మాత్రం ఎవరూ మార్చలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పాప పక్కన నాకూ కునుకు పట్టింది. నా ఫోనులో పాప ఫొటోలు నాలుగు వేల పైచిలుకు. అవి నా దగ్గరే లేవు, ఎక్కడో ఇలాంటి మేడలోనే ఉన్నాయి. మా గోడ పక్కనో, సముద్రాల అవతలో నాకు తెలియదు. కలలో ఆ నాలుగు వేల పాపలూ వరసగా చీకటి గదుల్లో నిద్రపోతున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుక్క నీళ్ళు పట్టించుకుంటూ వెళ్తున్నాను. చెంబు తరగడం లేదు గానీ వరస కూడా తరగడం లేదు. లేచి ఫోను తీసి, ఒకేలా ఉన్న ఫొటోలు ఓ వంద తీసేశాను. అది చాలదని తెలుసు. ఎన్ని తీసేస్తే చాలుతుందో లెక్క తెలియదు.

చిన్న ఇంజనీరు పుస్తకమంతా తిరగేసి చూశాడట. తలుపు దగ్గరికి వేశాడు. “పిన్నిగారూ, మీకు ఇంకా నాలుగు నెలల సర్వీసుంది. లీకని రాసింది మీరు, కింద సంతకం మీది. ఇప్పుడు లీకు కాదని రాస్తే మూడు గోతులూ, కట్టేసిన వాల్వూ అన్నీ మీ మీదికొస్తాయి. మీ కాగితాల్లో మచ్చ పడుతుంది. ‘లీకు దొరికింది, బాగుచేశాం’ అని ఒక్క ముక్క రాయండి. రేపొద్దున్నే వాల్వు తెరిపిస్తాను. గోదాము సంగతి తర్వాత మెల్లగా చూద్దాం.”

ఆమె రాయకుండా లేచి మా ఇంటికి వచ్చింది. మొదటిసారి మంచినీళ్ళు అడిగి తాగింది.

“చదువుకున్నవాడివి, చెప్పు. అబద్ధం రాస్తే రేపు నీళ్ళొస్తాయి. నిజం రాసినా వస్తాయా?”

“తెలియదు పిన్నీ.”

“ఆ. నాకూ అదే భయం.”

పాప ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడటానికి చూస్తోంది. పిన్ని కాలు కదపకుండా అలాగే ఉంచింది. “బాగుచేశామని రాస్తే నాకు ఏ మచ్చా రాదు. కానీ నా తర్వాత ఎవరో ఒకరు ఈ గుంటలో చెవి పెడతారు గదా. మూడు వేళ్ళ చప్పుడు వినపడుతుంది. కాగితం తీస్తారు. ఓహో, పిన్ని బాగుచేసిన లీకు మళ్ళీ మొదలైంది అనుకుంటారు. మళ్ళీ ఇదే వీధి తవ్వుతారు, మళ్ళీ మీ కుళాయిలే కడతారు. నా అబద్ధం వాళ్ళ చెవిలో కూర్చుంటుంది.”

మర్నాడు రాసిచ్చింది. ‘నేను లీకు అన్నది లీకు కాదు. తప్పు విన్నాను. పాత గోదాము లైనులో నీళ్ళు ఆగకుండా పోతున్నాయి, ఎండకు పెరుగుతున్నాయి. వేళలు, వేళ్ళు జతచేశాను.’ కింద పెద్ద అక్షరాలతో సంతకం.

కాగితం పై ఆఫీసులకు వెళ్ళింది. మూడు వారాలు కుళాయిలు తెరుచుకోలేదు. విషయం వీధికి తెలిసింది. పిన్ని వస్తే కొందరు తలుపులు వేసుకున్నారు. “ఒక్క ముక్క రాస్తే పోయేదానికి మా నోట్లో మట్టి కొట్టావు,” అని దర్జీ బాబాయి మొహం మీదే అన్నాడు. ఆ మాటలో నవ్వు లేదు. పిన్ని, “అవును అన్నయ్యా,” అంది. బిందె మోసేటప్పుడు నాకూ ఒకటి రెండుసార్లు అదే అనిపించింది. ఆమెకు చెప్పలేదు.

నాలుగో వారంలో రాళ్ళు పీకారు. మేడ తరఫున ఒక మర్యాదస్తుడైన కుర్ర ఆఫీసరు వచ్చాడు. గోదాముతో పాటు వచ్చిన కాగితాల్లో ఈ లైను కూడా తమదేనని ఉందనీ, అందులో ఎవరి వాటా నీళ్ళు పోతున్నాయో తామెప్పుడూ చూసుకోలేదనీ చెప్పాడు. ఇప్పుడు ఇళ్ళ వేళలు అయ్యాకే ఆ వాల్వు తిప్పుతారు. దానికో మీటరు పెట్టారు. వాడిన నీళ్ళనే శుద్ధిచేసి మేడకు పంపడానికి వేరే పైపు వేస్తామన్నారు. అందుకోసం ఇంకో రోడ్డు తవ్వి పెట్టారు, అదింకా అలాగే ఉంది. బాగా ఎండ కాసిన రోజుల్లో మా మేడ మీద కుళాయి ఇప్పటికీ దగ్గుతుంది. కింద మాత్రం వస్తున్నాయి. పిన్ని సర్వీసు కాగితాల్లో మచ్చ పడింది. ‘అజాగ్రత్తగా నివేదిక ఇచ్చినందుకు’ అని ఒక వాక్యం. నాకు తీసుకొచ్చి చూపించింది. “ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా గురించి ఆఫీసు రాసింది ఇదొక్క లైనే. అక్షరాలు బాగా పడ్డాయి గదూ?”

వీధికి నీళ్ళు వదిలిన పొద్దున ఆమె ఆరింటికే వచ్చింది. విని, లేచి, తను మొదటిరోజు నిలబడ్డ చోటే నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

“లీకు లేదు! నేను తప్పు విన్నాను! మీ వీధి పైపు గట్టిగానే ఉంది!”

“నీళ్ళొచ్చాయిగా చెల్లెమ్మా, ఇంకా ఈ అరుపులెందుకు?” అన్నాడు దర్జీ బాబాయి కిటికీలోంచి. గొంతులో కోపం సగం తగ్గింది, సగం అలాగే ఉంది.

ఆమె మా మెట్ల మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటుంటే నేనూ అదే అడిగాను. అందరికీ తెలిసిపోయిన సంగతే కదా, కాగితం మీద కూడా రాశారు కదా అన్నాను.

“కాగితం ఆఫీసు చదువుకుంటుంది. లీకుందని నేను అరిచింది వీధిలో,” అంది. “ఏ గొంతుతో చెప్పావో అదే గొంతుతో, ఎక్కడ నిలబడి చెప్పావో అక్కడే నిలబడి, కాదని చెప్పు బాబూ. మొదటి మాట వీధికి చెప్పి, రెండో మాట ఒకడి చెవిలో చెప్తే మొదటిదే నిలబడిపోతుంది.”

పోయిన నెల తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి చేసిన లెక్క తప్పని నలభై మంది ముందు అన్నాను. ఇంటికొచ్చి మళ్ళీ చేసి చూస్తే తప్పు నాదే. మర్నాడు ఆ పిల్లను వరండాలోకి పిలిచి చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. కాళ్ళు అటే నడిచాయి కూడా. మధ్యలో ఆగి, తరగతిలోకి వెళ్ళి, నల్లబల్ల దగ్గర ముందురోజు నిలబడ్డ చోటే నిలబడి, ముందురోజు గొంతుతోనే చెప్పాను.